తినేవాడి శుచి, అమ్మేవాడి ధర్మం

హైదరాబాద్‌లో ఏ పేటకు వెళ్లినా పొద్దున్నే టిఫిన్ సెంటర్ తెరిచే తీరు ఒకటే. యజమాని స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వస్తాడు. గుమ్మం ముందు నీళ్లు చల్లించి ముగ్గు వేయిస్తాడు. గల్లాపెట్టె పైనున్న వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, సాయిబాబా పటాలకు కొత్త పూలదండలు పడతాయి. అగరుబత్తులు వెలిగించి, దేవుళ్లకు కర్పూర హారతి ఇచ్చి, ఆ పళ్లాన్ని గల్లాపెట్టె మీదా పొయ్యి మీదా తిప్పుతాడు. శనివారం వస్తే గుమ్మానికి వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు మారతాయి. వీటిలో ఏ ఒక్కటీ ఏ రోజూ తప్పదు.

ఆ తర్వాత బోణీ బేరం వచ్చి కూర్చుంటుంది. క్లీనర్ కుర్రాడు వచ్చి బల్ల తుడుస్తాడు. అతని చేతిలోని గుడ్డ నిన్న రాత్రి ఆఖరి సాంబారు మరకను తుడిచి, బకెట్లో ముంచి, పిండి, తడిగానే కొక్కేనికి తగిలించినది. ఒకప్పుడు ఏ రంగో ఇప్పుడు చెప్పలేం. ఒక్క విసురులో మెతుకులు నేల మీదికి పోతాయి, తడి మాత్రం బల్లంతా పరుచుకుంటుంది. హాల్లో ఎన్ని బల్లలున్నా గుడ్డ అదే, బకెట్టూ అదే. పది గంటలయ్యేసరికి బకెట్లో నీళ్లు సాంబారు రంగుకు తిరుగుతాయి. ప్లేటులోంచి దోసె ముక్క ఆ బల్ల మీదికి జారితే తీసి నోట్లో వేసుకునే పిల్లలు ఉంటారు. తడిగా, గోరువెచ్చగా, తిండి అంటుకుని ఉన్న గుడ్డ కంటే సూక్ష్మజీవులకు అనువైన చోటు వంటింట్లో మరొకటి దొరకడం కష్టం.

ఆ యజమాని భక్తిలో నటన లేదు. అతను దేవుడికి నిజంగా భయపడతాడు. ఎవరూ చూడకపోయినా దేవుడు చూస్తాడని నమ్ముతాడు. అయినా ఆ గుడ్డ అతని కంటికి తప్పుగా కనిపించదు. అందుకే ఇది మున్సిపాలిటీ వాళ్లు జరిమానా వేసి ఊరుకుంటే తీరే సంగతి కాదు. శుచి గురించి ఇంతగా ఆలోచించిన సమాజంలో, ఇంట్లో మడి కట్టుకుని వండే మనుషులున్న సమాజంలో, పదిమందికి వండి అమ్మే చోట శుభ్రత ఎందుకు పాపపుణ్యాల లెక్కలోకి రాలేదు? ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

2024 వేసవి నుంచి తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ బృందాలు హైదరాబాద్ హోటళ్లలో వరసగా తనిఖీలు చేశాయి. ఎక్కడ ఏం దొరికిందో ఫొటోలతో సహా జనం ముందు పెట్టాయి. చిన్నా పెద్దా తేడా లేకుండా ఒకే రకం లోపాలు బయటపడ్డాయి. వంటింట్లో బొద్దింకలు, గడువు తీరిన మసాలాలు, తేదీ రాయకుండా ఫ్రిజ్‌లో పెట్టిన సగం ఉడికిన మాంసం, ఒకే అరలో పచ్చి మాంసమూ వండిన కూరలూ, మూతలేని చెత్తడబ్బాలు, పనివాళ్లకు లేని వైద్య పరీక్షల పత్రాలు. నగరంలో పేరు మోసిన హోటళ్లు సైతం ఇందులో ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరు చివరలో మోమోలు తిన్న ఒక మహిళ ప్రాణం పోయింది, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ రోజుల్లోనే, అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం నిషేధించింది.

ఈ తనిఖీలు చూసి జనం భయపడ్డారు, కోప్పడ్డారు, కొన్నాళ్లకు మరిచిపోయారు. ‘బయటి తిండి అంటే అంతే మరి’ అన్నమాట మళ్లీ వినిపించడం మొదలైంది. ఆ మాట నిన్న మొన్న పుట్టింది కాదు. దాని వెనక రెండువేల ఏళ్లకు పైబడిన శాస్త్రం ఉంది.

తెలుగు నాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించేది ఆపస్తంబ సూత్రం. ఆపస్తంబుడి ధర్మసూత్రాల్లో వంట గురించి చెప్పిన నియమాలు ఇప్పుడు చదివినా ఆశ్చర్యం కలుగుతుంది. వైశ్వదేవానికి, అంటే రోజూ దేవతలకు అన్నం సమర్పించే కర్మకు, వండేవాడు శుచిగా ఉండాలి. అన్నం వైపు ముఖం పెట్టి మాట్లాడకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. జుట్టో ఒళ్లో బట్టో తాకితే వెంటనే నీళ్లు ముట్టుకోవాలి. వండే పనివాళ్లు జుట్టు, గడ్డం, గోళ్లు తీయించుకుంటూ ఉండాలి. వెంట్రుకో పురుగో పడిన అన్నం తినకూడదు. ఇవాళ ఆహార భద్రతా చట్టం కింద వంటవాళ్లకు పెట్టిన నిబంధనల పట్టికను పక్కన పెట్టుకుని చూస్తే సగానికి సగం అక్కడే కనిపిస్తాయి. మనవాళ్లకు శుభ్రత తెలియదన్నమాట అబద్ధం. బాగా తెలుసు.

అయితే అదే గ్రంథంలో మరో నియమం ఉంది. అంగట్లో వండి అమ్మే అన్నం తినవద్దు అని. అసలు చిక్కంతా ఇక్కడ మొదలైంది. దుకాణంలో అన్నం శుచిగా ఉంటుందో ఉండదో తెలియదు కాబట్టి తినేవాణ్ని దూరంగా ఉండమంది శాస్త్రం. అమ్మేవాణ్ని పిలిచి, ఇలా వండు, ఇలా కడుగు, లేకపోతే ఆ పాపం నీది అని చెప్పే పని పెట్టుకోలేదు. శుచి అన్నది తినేవాడు తనను తాను కాపాడుకునే కవచమైంది. నాకేం అంటుతుంది, నేనేం తాకకూడదు, ఎవరి చేతిది తినకూడదు అని లోపలి వైపు నుంచే ఆలోచన సాగింది. నా నుంచి ఎదుటివాడికేం అంటుతుంది అని ఆలోచించాల్సిన అవసరం అంతగా రాలేదు.

ఆ కవచం ఇంటివరకు బాగా పనిచేసింది. ఆవకాయ జాడీలోకి తడి చెయ్యి పోనిచ్చేవాళ్లు కాదు. జాడీ మూతికి వాసెన కట్టేవాళ్లు. ఎంగిలి గరిటె గిన్నెలోకి తిరిగి వెళ్లేది కాదు. మడిబట్ట రోజూ ఉతికి ఆరేసేవాళ్లు. వీటిలో చాలావాటి వెనక మనుషులు తరతరాలుగా చూసి తెలుసుకున్న ఆరోగ్య జ్ఞానం ఉంది. కానీ ఈ జాగ్రత్తలు గడప దాటి వీధిలోకి రాలేదు. ఇల్లు ఊడ్చి చెత్త తెచ్చి వీధిలో పోసిన అలవాటే పెద్దయ్యాక హోటల్ పెట్టింది. ముందు గది కడిగి వెనక కాలవను వదిలేసింది.

బస్తీలు పెరిగి, రైళ్లు వచ్చి, చదువులకూ ఉద్యోగాలకూ జనం ఊళ్లు దాటాక అంగట్లో తినక తప్పలేదు. అప్పుడు పాత శుచి కొత్త రూపంలో దుకాణం మీదికి ఎక్కింది. ‘బ్రాహ్మణ హోటల్’ అనే బోర్డులు అలా వచ్చినవే. వంటవాడి కులం చెబితే వంటిల్లు ఎలా ఉందో అడగాల్సిన పని లేదన్న భరోసా అది. మద్రాసులో 1957లో పెరియార్ అనుచరులు ఆ బోర్డుల మీద ఉద్యమమే చేశారు. పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దళితులకు వేరే గ్లాసు, వాళ్ల గ్లాసు వాళ్లే కడిగి పెట్టాలి. అటువైపు మిగిలినవాళ్ల గ్లాసులన్నీ ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసేవాళ్లు. పదిమంది ఎంగిలి కలిసిన ఆ నీళ్లు ఎవరికీ అంటుగా అనిపించలేదు. మనిషి మాత్రం అంటుగా అనిపించాడు. శుచి పేరుతో జరిగిన అన్యాయాల్లో ఇంతకంటే పెద్దది లేదు. దుకాణాలు, హోటళ్లలోకి కులమతాల పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని రాజ్యాంగం 15(2) అధికరణంలో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే, అంగడి మనకు ఎంత పెద్ద ధర్మసంకటమో అర్థమవుతుంది.

ఇది గడిచిపోయిన కథ అనుకోవడానికి లేదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో శివభక్తుల కావడి యాత్ర సాగే దారుల్లోని హోటళ్లు, బండ్ల ముందు యజమానుల పేర్లు రాయాలని ఆదేశాలొచ్చాయి. భక్తుల శుచి కోసమే అన్నారు. జులై 22న సుప్రీంకోర్టు దాని అమలు ఆపింది. ఎలాంటి ఆహారం అమ్ముతున్నారో రాయమనవచ్చు గానీ పేర్లు రాయాలని బలవంతపెట్టకూడదంది. ఆ ధర్మాసనంలో ఒకరు మదనపల్లెలో పుట్టిన తెలుగువారు, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. విచారణలో ఆయన తన అనుభవం ఒకటి చెప్పారు. కేరళలో న్యాయమూర్తిగా ఉన్న రోజుల్లో అక్కడ ఒక ఊళ్లో రెండు శాకాహార హోటళ్లు ఉండేవట, ఒకటి హిందువుది, ఒకటి ముస్లిముది. ఆయన రెండోదానికి వెళ్లేవారట. దుబాయి నుంచి తిరిగొచ్చిన ఆ యజమాని శుభ్రత విషయంలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటిస్తూ, ఆ వివరాలన్నీ బోర్డు మీద పెట్టేవాడని చెప్పారు.

ఈ చిన్న ఉదంతం శుచి గురించిన పెద్ద పెద్ద చర్చలకు దారి చూపిస్తుంది. బోర్డు మీద ఒకరు పేరు చూడాలనుకున్నారు, మరొకరు వంటింటి లెక్క చూశారు. పేరు చూస్తే తెలిసేది వండినవాడు ఎవరికి పుట్టాడన్నది మాత్రమే. అతను చెయ్యి కడుక్కున్నాడో లేదో ఏ పేరూ చెప్పదు. దుబాయిలో పనిచేసినవాడు కేరళలో అంత శుభ్రంగా ఉండగలిగినప్పుడు, న్యూజెర్సీలో తెలుగువాళ్లు నడిపే హోటళ్లు తనిఖీ ఫలితం రాసిన కార్డును గుమ్మం దగ్గర పెట్టుకుని వ్యాపారం చేసుకుంటున్నప్పుడు, అశుభ్రత మన రక్తంలోనే ఉందనే మాట కూడా నిలవదు. మనిషి అదే, వంట అదే, దినుసులూ అవే. అక్కడ శుభ్రత తినేవాడి హక్కుగా లెక్కకొచ్చింది, ఇక్కడ రాలేదు.

శుచిగా ఉన్నాననుకోవడం వేరు, ఎదుటివాడికి హాని చేయకుండా ఉండటం వేరు అని ప్రపంచానికి తెలియజెప్పిన మనిషి ఒకావిడ ఉంది. మేరీ మాలన్ ఐర్లాండ్‌లో పుట్టి అమెరికా వెళ్లి, న్యూయార్క్ పరిసరాల్లో సంపన్నుల ఇళ్లల్లో వంట చేసేది. మంచి వంటమనిషి అని పేరు. 1906 వేసవిలో ఆయిస్టర్ బేలో ఆవిడ వండిన ఇంట్లో పదకొండు మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. జార్జ్ సోపర్ అనే ఇంజనీరు కూపీ లాగితే, అంతకుముందు ఆవిడ పనిచేసిన ఇళ్లలోనూ అదే జరిగిందని తేలింది. ఆవిడకు మాత్రం ఏ జబ్బు లక్షణమూ లేదు. ఒంట్లో టైఫాయిడ్ క్రిములు ఉన్నాయంటే చచ్చినా నమ్మలేదు. వేడిగా వండిన వంటకాల్లో ఆ క్రిములు చస్తాయి. ఆవిడ చేతి పీచ్ పండ్ల ఐస్‌క్రీమ్‌కు మంట తగలదు, జబ్బు దానిద్వారానే పాకిందని అనుమానించారు. 1907లో నిర్బంధించి, ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. 1915లో వేరే పేరుతో ఒక ప్రసూతి ఆస్పత్రిలో వంట చేస్తూ దొరికింది. అప్పటికి అక్కడ పాతికమందికి టైఫాయిడ్ సోకి ఇద్దరు చనిపోయారు. 1938లో కన్నుమూసేదాకా ఆవిణ్ని ఒక దీవిలో ఉంచారు.

మేరీ మాలన్ చెడ్డమనిషి కాదు. తన ఒంట్లో తనకు ఏ మైలా కనిపించలేదు. అంతరాత్మ కూడా తప్పు చేస్తున్నావని చెప్పలేదు. అంతరాత్మకు సూక్ష్మజీవి కనిపించదు మరి. ఏళ్ల తరబడి మన హోటల్ యజమానులు చెప్పేదీ ఇదే. ‘మా ఇంట్లో అందరం ఇక్కడే తింటాం, మాకెవరికీ ఏం కాలేదు’ అంటారు. నిజమే కావచ్చు. అయినా ఆ కౌంటర్ ముందు నిలబడేవాళ్లలో కీమోథెరపీ చేయించుకుంటున్నవారుంటారు, గర్భిణులుంటారు, రెండేళ్ల పసివాళ్లుంటారు. కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారని, 4,20,000 మంది చనిపోతున్నారని, వారిలో 1,25,000 మంది అయిదేళ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా కట్టింది. పచ్చి గుడ్ల మయోనైజ్‌కూ మంట తగలదు. తెలంగాణలో నిషేధం ఎందుకొచ్చిందో ఈ వంటమనిషి కథ తెలిస్తే వేరే చెప్పక్కర్లేదు.

మరి అమ్మేవాడి ధర్మం గురించి మన పాత గ్రంథాల్లో ఏమీ లేదా? ఉంది. శుచి ప్రకరణాల్లో కంటే రాజదండనల్లో ఎక్కువ కనిపిస్తుంది. వీధిలో చెత్త పోసినవాడికి, బురదనీళ్లతో దారి అడ్డగించినవాడికి కౌటిల్యుడు జరిమానాలు పెట్టాడు. రాజమార్గంలో చేస్తే రెట్టింపు. మందులు, నూనె, ఉప్పు, ధాన్యం, బెల్లం లాంటివాటిలో నాసిరకం కలిపి అమ్మినవాడికి పదహారు పణాల దండన రాసింది యాజ్ఞవల్క్య స్మృతి. అంటే రాజుకు తెలిసింది. అది పురోహితుడి నోట భక్తుడి నిత్యవిధిగా మాత్రం మారలేదు. చట్టం ఒక దారి, ఆచారం ఒక దారి అయిపోయాయి.

ఇస్లాంలో ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి. శుభ్రత విశ్వాసంలో సగమని హదీసు. ప్రవక్త ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందట. వాన తడి అన్నాడు వర్తకుడు. జనానికి కనిపించేలా తడిసింది పైనే పెట్టవచ్చు కదా అని ప్రవక్త మందలించి, మోసం చేసేవాడు నావాడు కాడన్నాడు. ఈ భావం నుంచే బజారు మంచిచెడ్డలు చూసే ముహ్తసిబ్ అనే అధికారి వచ్చాడు. పన్నెండో శతాబ్దంలో సిరియాలో అల్ షైజరీ అనే ఆయన ఆ అధికారుల కోసం ఒక కరదీపిక రాశాడు. రొట్టెల పిండి కలిపేవాడు తుమ్మినా మాట్లాడినా తుంపర పడకుండా నోటికి గుడ్డ కట్టుకోవాలి, చెమట బొట్టు జారకుండా నుదుటికి పట్టీ కట్టుకోవాలి, చేతుల మీది వెంట్రుకలు తీసేసుకోవాలి, పగటిపూట పక్కనొకడు ఈగలు తోలుతూ ఉండాలి. ఇవన్నీ కొనేవాడి కోసం అమ్మేవాడి మీద పెట్టిన బాధ్యతలు. ఇవాళ పాతబస్తీలోనూ సికింద్రాబాద్‌లోనూ తనిఖీల్లో దొరికిన లోపాలకు మతభేదం లేదు. ఏ మతమైనా తనకున్న మంచిని మరిచిపోగలదు. మరిచిపోయినదాన్ని గుర్తు చేయవచ్చు కూడా.

హిందువులకు గుర్తు చేయాల్సింది దూరంగా ఎక్కడో లేదు. మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే తపస్వి ఉంటాడు. తన చూపుతో కొంగను కాల్చినవాడు, వేదం చదివినవాడు. అతనికి ధర్మం తెలియదని ఒక గృహిణి చెప్పి, మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుణ్ని అడగమంటుంది. కౌశికుడు వెళ్లి చూస్తే అతను మాంసం అంగడిలో కూర్చుని అమ్ముకుంటూ ఉంటాడు. కొనేవాళ్ల సందడి వల్ల ఆ బ్రాహ్మణుడు ఓ పక్కన నిలబడాల్సి వస్తుంది. ఆ తర్వాత ధర్మం గురించి అన్ని అధ్యాయాల ఉపదేశం వినేది ఆ మాంసం అమ్మేవాడి నోటనే. ఆ ఉపదేశంలో వంటింటి శుభ్రత ప్రస్తావన ఉందని ఇక్కడ చెప్పడం లేదు. అక్కడ జరిగిన పెద్ద మార్పు వేరు. శుచి లేదని లోకం పక్కన పెట్టిన అంగడిలో ధర్మం కూర్చుని ఉంది. తన వృత్తిని తాను ఎలా చేస్తున్నాడన్నదే అతని అర్హత. దుకాణం తెరిచి కూర్చోవడం కూడా ధర్మాచరణే అని ఒప్పుకున్న మరుక్షణం, బల్ల తుడిచే గుడ్డ కూడా ఆ ఆచరణలో భాగమవుతుంది.

వేమన ఇంకా దగ్గరగా వచ్చాడు. మనసు నిర్మలంగా లేని ఆచారమూ, చిత్తం నిలవని పూజా, పాత్ర శుభ్రంగా లేని వంటా ఒకే పద్యంలో ఒకే వరసలో పెట్టాడు. బళ్లో అందరూ ఆ పద్యం వల్లె వేసినవాళ్లే. మిగిలిన రెండింటినీ తత్వంగా విడమరిచి చెప్పే ఉపాధ్యాయులు గిన్నెల ప్రస్తావనను ఉపమానంగా దాటేస్తుంటారు. వేమన గిన్నెల గురించే చెబుతున్నాడని పిల్లలకు ఒక్కసారి చెబితే బాగుండును.

ఇప్పుడు నిజంగా ప్రమాణాలు దిగజారాయా, ఎప్పుడూ ఇంతేనా అన్న అనుమానం రావచ్చు. పాత హోటళ్లన్నీ అద్దంలా ఉండేవని చెప్పలేం. అయితే కొన్ని తేడాలు కళ్ల ముందే వచ్చాయి. ఏ పూట వండింది ఆ పూటకే అయిపోయే మెస్సుల స్థానంలో ఫ్రీజర్ల మీద నడిచే వంటిళ్లు వచ్చాయి. మిగిలింది పారేసే అవసరం పోయింది, రేపటికి దాచే వీలొచ్చింది. ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకునేవాడికి వంటిల్లు ఏ సందులో ఉందో కూడా తెలియదు. కర్రీ పాయింట్లో ప్లాస్టిక్ కవర్లో వేడి వేడి పప్పు కట్టించుకుని ఇంటికి వెళ్లేవాడు గిన్నె చూడడు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉంచాలన్న నియమం ఉన్నా మధ్యాహ్నం పన్నెండుకు దింపిన కూర రాత్రి తొమ్మిదిదాకా చల్లారి కూర్చుంటుంది. మరిగించిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి వాడకుండా దానిలోని పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. సాయంత్రం బజ్జీల బాణలిలో నూనె రంగు చూసినవాళ్లకు ఆ నిబంధన ఎంత అమలవుతోందో తెలుస్తుంది. వండేవాడికీ తినేవాడికీ మధ్య దూరం పెరిగింది. తినేవాడు చూసి తప్పుకునే వీలు లేకుండా పోయింది. ఆపస్తంబుడు ఇచ్చిన కవచం ఇక ఎవరినీ కాపాడలేదు.

ఈ నేరమంతా కడిగేవాడి మీదికి, తుడిచేవాడి మీదికి తోయడం మరో అన్యాయం. హోటల్ వెనక గిన్నెలు కడిగే చోటుకు వెళ్లి చూడాలి. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కుర్రాడు, లేదా భర్త పోయిన పక్క బస్తీ మనిషి, చీలమండ దాకా నీళ్లలో నిలబడి రోజుకు పన్నెండు గంటలు అంట్లు తోముతుంటారు. హోటల్లో అందరికంటే తక్కువ జీతం వాళ్లది. చాలాచోట్ల పనివాళ్లకు సరైన మరుగుదొడ్డి లేదు. చెయ్యి కడుక్కోవడానికి సబ్బు ఉన్న బేసిన్ గిరాకీల వైపే ఉంటుంది. నిబంధనల ప్రకారం పనివాళ్లకు ఆ వసతులూ, ఏడాదికోసారి వైద్యపరీక్షా ఉండాలి. పరీక్ష లేదు, సబ్బు లేదు, జ్వరమొస్తే సెలవు లేదు. జ్వరంతో వండితే తినేవాడికి నష్టం, రాకపోతే అతనికి ఆ రోజు కూలి నష్టం. శుభ్రం చేసే పనిని నీచమని కొన్ని కులాలకు అంటగట్టిన సమాజం, శుభ్రతను ఎప్పటికీ చవకగానే కొంటుంది. ఆ కుర్రాడికి మర్యాద రాకుండా ఆ గుడ్డ తెల్లబడదు.

తోపుడుబండి మీద ఇడ్లీ అమ్ముకునే ఆవిడ సంగతి మరీ కష్టం. కుళాయి లేదు, చెత్త వేయడానికి చోటు లేదు, పోలీసు ఎప్పుడు బండి తీయమంటాడో తెలియదు. ఇంటినుంచి మోసుకొచ్చిన రెండు బిందెల నీళ్లతోనే వండటం, కడగటం, తాగనివ్వడం. ఆవిణ్ని అశుభ్రత పేరుతో తరిమేస్తే శుభ్రత డబ్బున్నవాళ్ల సొత్తు అవుతుంది. నీళ్లివ్వాల్సింది నగరపాలక సంస్థ. అద్దాల హోటల్ వెనక బొద్దింకలకు ఆ సాకు లేదు.

కరోనా రోజుల్లో ఒక్కసారి ఇదంతా మారినట్టు అనిపించింది. మాస్కు పెట్టుకునేది తన కోసమే కాదని, ఎదుటివాడి కోసమని జనం ఒప్పుకున్నారు. దుకాణం గుమ్మంలో శానిటైజర్ సీసా నిలబడింది. నా నుంచి నీకేం అంటుతుంది అన్న ఆలోచన మొదటిసారి వీధి వీధికీ వచ్చింది. భయం పోగానే సీసాలు ఖాళీ అయ్యాయి, మాస్కులు గడ్డం కిందికి జారాయి. భయంతో వచ్చింది భయంతో పాటే పోతుంది. ధర్మమని నమ్మినది మాత్రం తరాలు నిలుస్తుంది. మన ఇళ్లల్లో ఆవకాయ జాడీకి దక్కే జాగ్రత్తే దానికి సాక్ష్యం.

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి మీద ఆరోపణలు వచ్చినప్పుడు తెలుగు సమాజం ఎంత కలతపడిందో అందరికీ గుర్తుంది. ఆలయంలో శాంతి హోమం జరిగింది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు అయిదుగురితో ప్రత్యేక దర్యాప్తు బృందం వేయించింది. ఇద్దరు సీబీఐ వాళ్లు, ఇద్దరు రాష్ట్ర పోలీసులు, అయిదోవారు ఆహార భద్రతా సంస్థ అధికారి. దేవుడి ప్రసాదం విషయంలో కూడా నిజం తేలాలంటే ఆహారాన్ని పరీక్షించే మనిషి కావాలని న్యాయస్థానం భావించింది. ఆ కలత న్యాయమైనదే. అదే నెయ్యి, అదే నూనె వీధి చివర మిఠాయి కొట్లో ఎలా ఉందో అడగడానికి మాత్రం అందులో పదోవంతు కలత కూడా కనిపించదు. స్వామికి నివేదించేది శుద్ధంగా ఉండాలన్న పట్టుదల, ఆకలితో వచ్చిన మనిషికి పెట్టేదాని విషయంలో ఎందుకు సడలాలి? ఆకలిగొన్నవాడిలో నారాయణుణ్ని చూడమని చెప్పని సంప్రదాయం ఈ నేలమీద లేదు. అతను డబ్బులిచ్చి తింటున్నాడు కాబట్టి ఆ మాట వర్తించదంటే, ధర్మాన్ని బిల్లుతో కొట్టేసినట్టే.

ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది. అశుభ్రమైన చోట వండినందుకు 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పెద్ద హోటల్‌కు ఒక పెళ్లి ఆర్డర్ లాభంతో తీరిపోయే మొత్తం అది. చట్టం అవసరమే, తనిఖీలు ఇంకా పెరగాలి. కానీ రాత్రి పదకొండు గంటలకు షట్టర్ దించాక ఆ గుడ్డను వేడినీళ్లలో ఉడికించాలా వద్దా అని నిర్ణయించేది ఇన్‌స్పెక్టరు కాదు, ఆ యజమాని మనసే. ఆ మనసుతో రోజూ మాట్లాడేది మతమే.

అందుకని ప్రవచనకర్తలకు, పీఠాధిపతులకు, జుమా నమాజులో ఖుత్బా ఇచ్చే ఇమాములకు, ఆదివారం వాక్యం చెప్పే పాస్టర్లకు ఒక విన్నపం. మీ ముందు కూర్చున్నవాళ్లలో హోటల్ యజమానులున్నారు, మిఠాయి కొట్లవాళ్లున్నారు, కర్రీ పాయింట్ నడిపే దంపతులున్నారు. నోములు, ఉపవాసాలు, దానాల గురించి చెప్పే వేళ ఇంకో రెండు నిమిషాలు తీసుకోండి. పనివాడికి సబ్బు ఇవ్వకపోవడం పాపమని చెప్పండి. పాసిన కూర వేడిచేసి అమ్మడం పాపమని, మాడిన నూనె మళ్లీ పోయడం పాపమని, జ్వరమొచ్చిన వంటవాణ్ని ఇంటికి పంపి ఆ రోజు జీతం ఇవ్వడం పుణ్యమని పేరుపెట్టి చెప్పండి. వాళ్లు మీ మాట వింటారు.